ట్రక్కుకు వాడిన పాత స్నో ప్లౌను (మంచు తోసే బ్లేడును) చిన్న ట్రాక్టరు లోడరుకు అమర్చుకోవడం ఎలా?

ఎరీఒడ్డు (బఫెలో దగ్గర, న్యూయార్క్ రాష్ట్రం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం.

మేము బఫెలో నగరానికి దక్షిణాన, ఎరీ సరస్సు మీదుగా వీచే గాలి తన మంచునంతా దించిపోయే కొండవాలులో ఉంటున్నాం. రోడ్డు నుంచి ఇంటి దాకా 450 అడుగుల కంకర దారి, ఇంటి ముందు రెండు కార్లు తిరిగేంత తారు నేల ఉన్నాయి. 2022 నవంబరులో మా పక్కనున్న ఆర్చర్డ్ పార్కులో 80 అంగుళాల మంచు పడినప్పుడు రోజుల తరబడి ఇల్లు కదలలేకపోయాం. ఆ మరుసటి ఏడాదే ముందు లోడరుతో (బకెట్టును ఎత్తే రెండు ఇనుప చేతులతో) సహా కుబోటా ఎల్ 3901 ట్రాక్టరు కొన్నాను. అది 37.5 హార్సు పవరు బండి, నాలుగు చక్రాలకూ పవరు అందుతుంది. వెనక టైర్ల బయటి అంచుల మధ్య టేపుతో కొలిస్తే 60 అంగుళాలు వచ్చింది.

ఇప్పటిదాకా మంచును లోడరు బకెట్టుతోనే తోస్తున్నాను. బకెట్టు పక్కకు తిరగదు కాబట్టి నిండిన ప్రతిసారీ మంచును దారి పక్కకు మోసుకుపోయి, కుమ్మరించి, మళ్లీ వెనక్కి రావలసి వస్తోంది. ఒక మోస్తరు మంచుకే రెండు గంటలు పడుతోంది. పైగా బకెట్టు అంచు కంకరలోకి దిగిపోవడం వల్ల, మంచు కరిగేసరికి దారిలో ఉండవలసిన రాళ్లన్నీ గడ్డిలో కనిపిస్తున్నాయి. నిరుడు ఫిబ్రవరిలో మలుపు దగ్గర నేలలో పాతుకుని ఉన్న బండరాయికి కొట్టుకుని బకెట్టు ఎడమ మూల లోపలికి వంగింది కూడా.

గత నెలలో, పికప్ ట్రక్కుకు వాడిన వెస్టర్న్ వారి పాత యూనిమౌంట్ ప్లౌ ఒకటి 300 డాలర్లకు దొరికింది. ఏడున్నర అడుగుల వెడల్పు ఉంది. లైట్లు, పైకెత్తే ఫ్రేము, జాకీలకు ఆయిలు తోసే కరెంటు పంపు విప్పేశాక బ్లేడు, దాని వెనక అర్ధచంద్రాకారంలో ఉండే ఇనుప చట్రం, దాన్ని బండికి కలిపే ఏ-ఫ్రేము (ఇంగ్లిషు A ఆకారపు చట్రం), ఆయిలు ఒత్తిడితో బ్లేడును కుడి ఎడమలకు తిప్పే రెండు జాకీలు మిగిలాయి. ఇవన్నీ కలిపి తూకం వేస్తే సుమారు 450 పౌండ్లు ఉన్నాయి. లోడరు 1,100 పౌండ్లకు పైగా ఎత్తగలదు కాబట్టి బరువు గురించి నాకు దిగులు లేదు.

బజారులో దొరికే క్విక్ అటాచ్ ప్లేటు (బకెట్టు స్థానంలో లోడరు చేతులకు తగిలించే పలక) ఒకటి కొని, ఏ-ఫ్రేమును దానికి నేరుగా వెల్డింగు చేస్తే పని తేలికగా అయిపోతుందని నా ఆలోచన. ఇది సరైన పద్ధతేనా? ట్రక్కుతో వచ్చిన కరెంటు పంపునే ట్రాక్టరు బ్యాటరీకి కలిపి బ్లేడును తిప్పవచ్చా, లేక ట్రాక్టరు ఆయిలునే ముందుకు తీసుకురావాలా? నా బండికి ఏడున్నర అడుగుల బ్లేడు మితిమీరినదా అన్న సందేహం కూడా ఉంది. స్వయంగా చేసి చూసినవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

ఇనుపపని (మిషిగన్) జవాబు

ఎరీఒడ్డు గారూ, ప్లేటు తప్పకుండా కొనండి, కానీ ఏ-ఫ్రేమును దానికి నేరుగా వెల్డింగు చేయకండి. ఆరేళ్ల క్రితం నేను సరిగ్గా అదే పని చేసి నష్టపోయాను. మొదటి మంచుకు బాగానే పనిచేసింది. రెండో మంచుకు, గ్యారేజీ పక్కన సెప్టిక్ ట్యాంకు మూత అంచుకు బ్లేడు కుడి మూల తగిలింది. నేను అప్పుడు మనిషి నడిచేంత వేగంలోనే వెళ్తున్నాను. బ్లేడును నిటారుగా పట్టి ఉంచే స్ప్రింగులు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండడం వల్ల బ్లేడు వాలలేదు, ప్లేటుకు అతికి ఉన్న ఏ-ఫ్రేము కదలలేదు. ఆ దెబ్బ అంతా లోడరు చేతుల మీదికి వచ్చింది. దిగి చూస్తే, బ్లేడు ఒక పక్క నేలకు ఆనుతోంది, రెండో పక్క అంగుళం పైకి లేచి ఉంది. లోడరు రెండు చేతులనూ కలిపే అడ్డ పైపు మెలితిరిగిందన్నమాట. ఆ పైపు మార్పించడానికి అయిన ఖర్చుతో కొత్త ప్లౌ వచ్చేది.

లోడరు ఎత్తడానికి తయారైన పనిముట్టు. ట్రక్కుకు ఉన్నప్పుడు ప్లౌ మీద పడే ఒత్తిడి దగ్గరి దారిలో ఛాసిస్‌కు చేరుతుంది. ట్రాక్టరులో అదే ఒత్తిడి ముందుకు చాచిన రెండు పొడవాటి చేతుల గుండా పోవాలి. అందువల్ల ట్రక్కు మీద ప్లౌకు ఉన్న కదలికలు మూడూ ట్రాక్టరు మీద కూడా మిగిలి ఉండేలా చూసుకోవాలి. నేల ఎగుడుదిగుడులను బట్టి ఏ-ఫ్రేము పైకీ కిందికీ ఆడాలి, కింది అంచుకు ఏదైనా తగిలితే బ్లేడు పైభాగం ముందుకు వాలాలి, మూలకు తగిలితే బ్లేడు పక్కకు లొంగాలి. మన ఊళ్లలో ట్రాక్టరుకు కట్టే స్ప్రింగు కల్టివేటరును చూసినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. రాయో వేరో తగిలితే ఆ ఒక్క కొర్రు వెనక్కి లేచి, దాన్ని దాటాక మళ్లీ భూమిలోకి దిగుతుంది. ఆ స్ప్రింగు లేకపోతే కొర్రయినా విరగాలి, చట్రమైనా వంగాలి.

ఇక అమర్చే పద్ధతి చెబుతాను. బ్లేడును చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టండి. ఏ-ఫ్రేము కింద చెక్కముక్కలు పేర్చి, దాన్ని నేలకు సమాంతరంగా నిలపండి. అప్పుడు ఏ-ఫ్రేము వెనక చివర్లలోని పిన్ను రంధ్రాలు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవండి. క్విక్ అటాచ్ ప్లేటును నిటారుగా, దాని అడుగు అంచు నేలకు రెండు అంగుళాల పైన ఉండేలా పట్టుకుని, మీరు కొలిచిన ఎత్తులోనే అర అంగుళం మందపు పలకలతో రెండు జతల చెవులు వెల్డింగు చేయాలి. ఏ-ఫ్రేమును ఈ చెవులలో పిన్నులతో తగిలిస్తే అది తలుపు బందులాగా పైకీ కిందికీ ఆడుతుంది. ప్లేటు పైఅంచు మధ్యలో ఒక కొక్కెం పెట్టి, అక్కడి నుంచి ఏ-ఫ్రేము ముక్కుకు గొలుసు కట్టండి. బ్లేడు నేల మీద ఆనినప్పుడు గొలుసు రెండు మూడు లంకెల మేర వదులుగా ఉండాలి. లోడరును ఎత్తినప్పుడు ముందు గొలుసు బిగుసుకుని, తర్వాత బ్లేడు లేస్తుంది.

ఈ అమరికతో పనిచేసేటప్పుడు లోడరును ఫ్లోట్‌లో, అంటే చేతులు నేలను బట్టి స్వేచ్ఛగా లేచి దిగే స్థితిలో, పెట్టకూడదు. ఫ్లోట్‌లో పెడితే చేతులు కిందికి జారి ప్లేటు అంచే నేలను గీస్తుంది. ప్లేటు నేలకు రెండు అంగుళాల పైన ఉండేచోట చేతులను ఆపేస్తే చాలు. బ్లేడు తన సొంత బరువుతో మాత్రమే నేల మీద ఆనుతూ ఎగుడుదిగుడులను అనుసరిస్తుంది. లోడరు బరువు దాని మీద పడదు కాబట్టి మీ కంకరకు ఇదే ముఖ్యమైన లాభం. సీట్లో నుంచి ఆ ఎత్తు తెలియడం కష్టం కాబట్టి లోడరు చేతి మీద, దాని స్తంభం మీద ఒకదానికొకటి ఎదురుగా తెల్ల పెయింటుతో రెండు గీతలు గీసుకున్నాను. గీతలు కలిస్తే ఎత్తు సరిపోయినట్టు.

స్ప్రింగులను తీసి, కొక్కేలను, వాటిని బిగించే బోల్టులను శుభ్రం చేసి గ్రీజు పెట్టండి. స్ప్రింగు చుట్లు ఒకదాని నుంచి ఒకటి అప్పుడే విడివడడం మొదలయ్యే వరకు బిగిస్తే సరిపోతుంది. అంతకు మించి బిగిస్తే రాయి తగిలినా బ్లేడు వాలదు.

మరొక్క మాట. ప్లేటును ట్రాక్టరుకు తగిలించి ఉంచి వెల్డింగు చేయకండి. వెల్డింగు కరెంటు పిన్నులు, బేరింగుల గుండా, ట్రాక్టరు వైరింగు గుండా దారి వెతుక్కుంటుంది. కొలతలు చూసుకోవడానికి తగిలించి గుర్తులు పెట్టుకోండి, తర్వాత విప్పి, నేల మీదనే వెల్డింగు చేయండి. కింది అంచున ఉండే గట్టి ఇనుప పట్టీకి బోల్టులే ఉండాలి. అది అరిగినప్పుడు మార్చేది కాబట్టి దాన్ని ఎప్పుడూ అతికించకూడదు.

ఎరీఒడ్డు

ఇనుపపని గారూ, మీ అనుభవం చదివాక నేరుగా వెల్డింగు చేసే ఆలోచన మానుకున్నాను. నిన్న సాయంత్రం స్ప్రింగులు చూశాను. ఒకటి కదులుతోంది, రెండోది కొక్కెం దగ్గర తుప్పుతో కరుచుకుపోయి సుత్తితో కొట్టినా చలించలేదు. తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాను. జాకీల సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా? ఒక్కొక్క జాకీకి ఒకే గొట్టం ఉంది, కానీ ట్రాక్టరు వాల్వుకు రెండు గొట్టాలు ఉంటాయి కదా. అవి ఎలా కలుస్తాయో నాకు అర్థం కాలేదు.

ఆయిలుగొట్టం (మిన్నెసోటా) జవాబు

మీ జాకీలు ఒకవైపే తోసేవి. ఆయిలు పంపితే రాడ్డు బయటికి వస్తుంది, లోపలికి మాత్రం తనంత తాను పోదు, ఎవరో ఒకరు నెట్టాలి. ప్లౌలో ఆ నెట్టేది రెండో జాకీయే. కుడి జాకీ చాచుకుంటే బ్లేడు తిరిగి ఎడమ జాకీని లోపలికి నొక్కుతుంది, అందులోని ఆయిలు వెనక్కి పోతుంది. అందువల్ల ట్రాక్టరు వాల్వు నుంచి వచ్చే రెండు గొట్టాలలో ఒకదాన్ని కుడి జాకీకి, రెండోదాన్ని ఎడమ జాకీకి కలిపితే చాలు. వాల్వుకు సంబంధించినంతవరకు ఆ రెండు జాకీలూ కలిసి రెండువైపులా పనిచేసే ఒకే జాకీ అవుతాయి.

కరెంటు పంపు ఆలోచన వదిలేయండి. ట్రక్కు ప్లౌ పంపు మోటారు భారం మీద ఉన్నప్పుడు 150 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. ట్రక్కుకు పెద్ద బ్యాటరీ, పెద్ద ఆల్టర్నేటరు ఉంటాయి. చిన్న ట్రాక్టర్ల ఆల్టర్నేటర్లు సాధారణంగా అందులో చిన్న భాగమే ఇస్తాయి. గడ్డకట్టే చలిలో బ్లేడును పదిసార్లు తిప్పేసరికి, మళ్లీ ఇంజను స్టార్టు చేయడానికి బ్యాటరీలో సత్తువ మిగలదు. లోడరుకు థర్డ్ ఫంక్షన్ వాల్వు (ఎత్తడం, వంచడం కాక మూడో పనికి ఆయిలు అందించే వాల్వు) పెట్టించుకుంటే లోడరు లివరు మీది బొత్తాంతో బ్లేడును తిప్పవచ్చు. ఖర్చు తగ్గించుకోవాలంటే, బకెట్టును వంచే లైనులో డైవర్టరు వాల్వు పెట్టే పద్ధతి ఉంది: బొత్తాం నొక్కి ఉంచినంతసేపు బకెట్టును వంచే లివరే బ్లేడును తిప్పుతుంది. ప్లేటును వంచుతూ అదే సమయంలో బ్లేడును తిప్పవలసిన అవసరం మంచు పనిలో రాదు కాబట్టి, మీకు ఈ రెండోది చాలునని నా అభిప్రాయం.

అయితే గొట్టాలు కలపగానే పని పూర్తయిందని అనుకోకండి. ఇనుపపని గారు చెప్పిన మూడో కదలిక, అంటే మూలకు దెబ్బ తగిలినప్పుడు బ్లేడు పక్కకు లొంగడం, ఇక్కడే పోతుంది. ట్రక్కు పంపులో దాని కోసం, ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు ఒకటి ఉంటుంది. ట్రాక్టరు వాల్వు మధ్యస్థానంలో ఉన్నప్పుడు రెండు గొట్టాలనూ గట్టిగా మూసేస్తుంది. అప్పుడు మూలకు రాయి తగిలితే జాకీలోని ఆయిలుకు పోయే దారి ఉండదు. జాకీ రాడ్డు వంగుతుంది, లేదా గొట్టం పగులుతుంది. కాబట్టి రెండు గొట్టాల మధ్య, బ్లేడుకు దగ్గరగా, క్రాసోవర్ రిలీఫ్ వాల్వు తప్పకుండా పెట్టండి. ఒక జాకీలో ఒత్తిడి హద్దు మీరితే ఈ వాల్వు తెరుచుకుని, ఆయిలును రెండో జాకీలోకి వదులుతుంది. దాని స్క్రూను ముందు బాగా వదులుగా పెట్టి, మామూలు మంచును తోస్తున్నప్పుడు బ్లేడు తన కోణాన్ని నిలుపుకునేంత వరకు కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి. అక్కడితో ఆపేయండి.

ట్రాక్టరు పంపు ఇచ్చే ఆయిలు ప్లౌ పంపు ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ. ఏ అడ్డూ లేకపోతే బ్లేడు ఒక కొస నుంచి రెండో కొసకు ఠక్కున కొట్టుకుంటుంది, అర్ధచంద్రపు చట్రం అంచుల్లో వెల్డింగులు వదులుతాయి. ప్రతి గొట్టంలో సన్నని రంధ్రం ఉన్న రెస్ట్రిక్టరు పెడితే రెండు మూడు సెకన్లలో నెమ్మదిగా తిరుగుతుంది.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని జాకీలను శుభ్రం చేయడం. మీ ట్రాక్టరులో లోడరును ఎత్తే ఆయిలూ, బండిని నడిపే ట్రాన్స్‌మిషన్ ఆయిలూ ఒక్కటే. పాత ప్లౌ జాకీలలో వేరే రకం ఆయిలు ఉంటుంది, ఏళ్ల తరబడి బయట పడి ఉంటే నీరు కూడా చేరి ఉంటుంది. దాన్ని నేరుగా కలిపితే ఆ నీరు మీ ట్రాన్స్‌మిషన్‌లోకి వెళ్తుంది. రాడ్డును పూర్తిగా లోపలికి నొక్కి, పాత ఆయిలును ఒక డబ్బాలోకి దించండి. పాలు కలిపిన టీ రంగులో వస్తే అందులో నీరున్నట్టే లెక్క. జాకీలను విప్పి, తుడిచి, సీళ్లు మార్చి, కొత్త ట్రాక్టరు ఆయిలును రెండు మూడుసార్లు పోసి వంచేశాక మాత్రమే కలపండి. గొట్టాలు ఎలాగూ పాతబడి ఉంటాయి, వాటినీ మార్చేయండి. చివర్లకు ముఖం చదునుగా ఉండే కప్లర్లు (గొట్టాలను తగిలించే, విప్పే జోడింపులు) వాడితే మంచు, ఇసుక ఇరుక్కోవు, ఒక్క గుడ్డతో తుడిస్తే శుభ్రమవుతాయి.

మంచుబాట (వెర్మాంట్) జవాబు

పైన చెప్పినవన్నీ సరైనవే. బ్లేడు వెడల్పు గురించి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి నా లెక్క చెబుతాను. బ్లేడును 30 డిగ్రీలు పక్కకు తిప్పితే 90 అంగుళాల బ్లేడు శుభ్రం చేసే దారి వెడల్పు 78 అంగుళాలకు తగ్గుతుంది. మీ టైర్ల వెడల్పు 60 కాబట్టి రెండు పక్కలా తొమ్మిదేసి అంగుళాలు మిగులుతాయి, అది హాయైన కొలత. ఆరడుగుల బ్లేడయితే ఆ కోణంలో 62 అంగుళాలే వచ్చేవి, మలుపుల్లో వెనక చక్రం తోయని మంచు మీదికి ఎక్కేది.

అయితే వెడల్పు పెరిగినకొద్దీ మెలిపెట్టే బలం కూడా పెరుగుతుంది. బ్లేడు మధ్య నుంచి మూల దాకా ఆరడుగులదానికి 36 అంగుళాలు, మీదానికి 45. అంటే మూలకు అదే దెబ్బ తగిలితే మీ లోడరు మీద పడే మెలి నాలుగో వంతు ఎక్కువ. కొందరు బ్లేడును రెండు పక్కలా కోసి పొట్టి చేస్తారు. నేను దానికి సుముఖంగా లేను, ఎందుకంటే పక్కలకు బలమిచ్చే నిలువు పట్టీలు దానితో పోతాయి. దానికి బదులు వేగం తగ్గించండి. పికప్ ట్రక్కు వాళ్లలాగా దూరం నుంచి పరుగున వచ్చి మంచు గుట్టను ఢీకొనడం లోడరుకు తగని పని. లో గేరులో, మంచును ముట్టుకున్నాక మాత్రమే తోపు పెంచుతూ వెళ్లాలి.

ఇంజనుకు బలం ఎంత ఉన్నా, చక్రాలకు పట్టు లేకపోతే బ్లేడు తోయదు. ముందు 450 పౌండ్లు వేలాడుతుంటే వెనక చక్రాలు తేలికవుతాయి. వెనక టైర్లలో బీట్ దుంప రసం నింపించుకోండి. అది గ్యాలనుకు సుమారు 11 పౌండ్లు తూగుతుంది, నీటికి ఆ లెక్క 8.3 మాత్రమే, రసం మా చలికి గడ్డకట్టదు, రిమ్ములను తుప్పు పట్టించదు. వెనక లిఫ్టుకు కాంక్రీటు నింపిన డబ్బా ఒకటి తగిలించండి. మీది కొండవాలు అన్నారు కాబట్టి వెనక టైర్లకు గొలుసులు కూడా తప్పవు. వెడల్పాటి ఇండస్ట్రియల్ టైర్లు మంచుగడ్డ మీద ఘోరంగా జారుతాయి, దిగుడులో జారడం మొదలైతే బ్లేడు కింద పెట్టినా ఆగదు.

కంకర గురించి ఒక చిన్న ఉపాయం చెబుతాను. ఇనుప పైపు ఒకదాన్ని పొడవునా ఒక పక్క చీల్చి, ఆ చీలికలోకి బ్లేడు కింది అంచును దూర్చి బోల్టులతో బిగించండి. గుండ్రని పైపు కంకర మీద జారిపోతుంది, రాళ్లను తవ్వదు. నేల పూర్తిగా గడ్డకట్టాక, జనవరి ప్రాంతంలో పైపు తీసేయవచ్చు. మొదటి ఒకటి రెండు మంచులను అడుగంటా తోయకుండా, రెండు అంగుళాలు వదిలి చక్రాలతో తొక్కించండి. అది గడ్డకట్టి కంకరను పట్టి ఉంచుతుంది.

బకెట్టును దూరంగా పెట్టేయకండి. మీరు చెప్పిన 80 అంగుళాల మంచు మళ్లీ వస్తే ఏ ప్లౌ పనికిరాదు, దాన్ని ఎత్తి పోయవలసిందే. ప్రతి మంచుకూ దారి అంచులను వీలైనంత దూరం నెట్టి ఉంచుకోకపోతే, ఫిబ్రవరికల్లా దారి సన్నబడి, కొత్త మంచుకు చోటు దొరకదు.

ఎరీఒడ్డు, ఐదు వారాల తర్వాత

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పని ఎంతవరకు వచ్చిందో చెప్పడం నా బాధ్యత.

కరుచుకుపోయిన స్ప్రింగు కొక్కెం నూనెకు లొంగలేదు, కోసి కొత్తది వేశాను. చెవులు వేసి, పిన్నులతో ఏ-ఫ్రేమును తగిలించాను. జాకీలను నొక్కితే ఆయిలుగొట్టం గారు చెప్పినట్టే పాలు కలిపిన టీ రంగు ద్రవం వచ్చింది. రెండో జాకీ నుంచి చివర్లో శుద్ధమైన నీరే అరగ్లాసు కారింది. అది నా ట్రాన్స్‌మిషన్‌లోకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటోంది. సీళ్లు, గొట్టాలు మార్చాను, డైవర్టరు వాల్వు, క్రాసోవర్ వాల్వు బిగించాను. టైర్లలో రసం నింపించాను, గొలుసులు ఇంకా రావలసి ఉంది.

మొన్న ఆదివారం తొమ్మిది అంగుళాల మంచు పడింది. పైపు తొడిగిన బ్లేడుతో 450 అడుగులూ ముప్ఫై అయిదు నిమిషాల్లో పూర్తయింది. మలుపు దగ్గరి ఆ బండరాయి జాడ మరిచిపోయి కుడి మూలను దానికే తగిలించాను. క్రాసోవర్ వాల్వు బుస్సుమని శబ్దం చేసింది, బ్లేడు వెనక్కి తిరిగి రాయిని దాటేసింది. దిగి లోడరు చేతులు, పిన్నులు, వెల్డింగులు టార్చి వేసి చూశాను. ఎక్కడా పెయింటు కూడా పగల్లేదు.

ఒక్క ఇబ్బంది మిగిలి ఉంది. రోడ్డు మీద వెళ్లేందుకు బ్లేడును పైకెత్తినప్పుడు అది గొలుసు మీద ముందుకూ వెనక్కూ ఊగుతోంది, గతుకులు వచ్చినప్పుడు ట్రాక్టరు ముందుభాగం అదురుతోంది. గొలుసును ఇంకా పొట్టి చేయాలా, లేక ఎత్తాక ఏ-ఫ్రేమును ప్లేటుకు ఆనించి నిలిపే రబ్బరు దిమ్మ ఏదైనా పెట్టాలా?

ఇనుపపని

గొలుసును ముట్టుకోకండి, పొట్టి చేస్తే బ్లేడు గుంతల్లోకి దిగలేదు. ప్లేటు మీద, ఏ-ఫ్రేము పైకి లేచినప్పుడు తగిలే చోట, పాత టైరు నుంచి కోసిన రెండు అంగుళాల రబ్బరు ముక్కను బోల్టుతో బిగించండి. ఎత్తాక ప్లేటును కొద్దిగా వెనక్కి వంచితే ఏ-ఫ్రేము ఆ రబ్బరుకు ఆనుకుని నిలబడుతుంది. నాది నాలుగు శీతకాలాలుగా అలాగే ఉంది. రబ్బరు ఒక్కసారి మార్చాను.